దగ్గలేని వాళ్లకు న్యుమోనియా వస్తే

మా చెల్లెలి కొడుకుకు డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాలు ఏటికేడాది బలహీనపడే ఈ జబ్బు ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. వాడు 11వ ఏట నుంచి చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. బరంపురంలో వాళ్లిల్లు మాకు రెండు వీధుల అవతలే. అందుకే కామర్సు చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునే నేను కూడా ఊపిరితిత్తుల సంగతి కొంత నేర్చుకోవలసి వచ్చింది.

న్యుమోనియా అంటే యాంటీబయాటిక్ ఇవ్వడం, జ్వరం తగ్గడం అనుకుంటాం. వీళ్లకు అది చాలదు. మనం గట్టిగా దగ్గితే వచ్చేసే కఫం వీళ్లకు లోపలే పేరుకుపోతుంది. దగ్గు బలాన్ని మీటరుతో కొలుస్తారు. పెద్దవాళ్లలో నిమిషానికి 270 లీటర్ల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 160 కంటే తగ్గితే ఆ దగ్గుతో కఫం బయటికి రాదనే లెక్క.

2023 సంక్రాంతి వెళ్లిన వారం వాడికి జలుబు చేసి, రెండు రోజుల్లో న్యుమోనియాగా మారింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. వేలి మీటరు 96 చూపించింది. "ఇక భయం లేదు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. వాడు మాత్రం మగతగా, "తల పగిలిపోతోంది మామయ్యా" అన్నాడు. మా చెల్లెలు ఊరుకోలేదు. వాడిని ఎప్పుడూ చూసే డాక్టరు రాసిచ్చిన కాగితం తీసి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టింది. రక్తపరీక్ష చేస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగి ఉంది. మా భాషలో చెప్పాలంటే జమ సరిగానే ఉంది, చెల్లింపులే ఆగిపోయాయి. ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే మీటరులో అంకె బాగానే కనిపిస్తూ ఈ ప్రమాదాన్ని దాచేస్తుంది.

వెంటనే మాస్కుతో శ్వాసకు సాయపడే బైపాప్ పెట్టారు. గాలి నింపి, మళ్లీ గుంజి, కఫాన్ని పైకి తెచ్చే కాఫ్ అసిస్ట్ యంత్రాన్ని మా ఇంటి నుంచే తెప్పించారు. గొట్టం వేయవలసి వస్తే ఏం చేయాలో వాడినే అడిగాం. "వెయ్యండి మామయ్యా, మార్చిలో పరీక్షలున్నాయి" అన్నాడు. ఆ అవసరం రాలేదు. తొమ్మిదో రోజున ఇంటికి వచ్చాడు.

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఆ కాగితం తలుపు పక్కనే ఉండాలి. జబ్బు పేరు, వాడే యంత్రాలు, స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా ఆపరాదన్న మాట, డుషేన్ వాళ్లకు మత్తు ఇచ్చేటప్పుడు సక్సినిల్‌కోలిన్ వాడరాదన్న హెచ్చరిక అందులో రాయించండి. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోకోకల్ టీకా వేయించండి. జలుబు మొదలైన రోజే డాక్టరుకు ఫోను చేయండి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరున్నా, ఎదుటి డాక్టరుది ఏ భాష అయినా, ఆ కాగితం మన తరఫున మాట్లాడుతుంది.