తెగిన పోగు కనబడదు

వైఫైకి తెలుగులో 'నిస్తంతి' అనే మాట వాడదామని కొన్నాళ్ళు ప్రయత్నించాను. మాట బాగానే ఉంది గాని, ఆ తంతి లేకపోవడంలోనే తిప్పలన్నీ ఉన్నాయని బంధువుల ఇళ్ళలో అంతర్జాలాన్ని చక్కదిద్దడానికి కూర్చున్నప్పుడు బోధపడింది. తీగ తెగితే తెగినచోటు కంటికి కనబడుతుంది. గాలిలో తెగినదాన్ని ఎక్కడని వెతకడం?

సేవలందించే సంస్థకు ఫోను చేస్తే దొరికే సలహా ఒక్కటే: "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి." ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో తెలియదు గనక మర్నాడు మళ్ళీ అదే తంతు. అంతకంటే, దారిని రెండు ముక్కలుగా చూడటం మేలు. ఫోను నుంచి రౌటరు దాకా ఒకటి, రౌటరు నుంచి బయటి ప్రపంచం దాకా రెండోది. ఫోనులో కనబడే వైఫై గీతలు మొదటి ముక్క సంగతే చెబుతాయి. రెండోదాని గురించి వాటికేమీ తెలియదు.

లోపం ఏ ముక్కలో ఉందో తేల్చడానికి పింగ్ అనే చిన్న ఉపకరణం చాలు. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ దాన్ని రాసి, సోనార్ చేసే చప్పుడును బట్టి ఆ పేరు పెట్టాడు. "ఉన్నావా?" అని అడగడం, "ఉన్నాను" అనే జవాబుకు ఎంతసేపు పట్టిందో లెక్కించడం, ఇంతే దాని పని. ముందు రౌటరును అడగాలి, తర్వాత బయటి సర్వరును.

హిందూపురంలో మా ఇల్లు ఇరుకు సందులో ఉంది. పగలంతా సవ్యంగా నడిచే వైఫై రాత్రి ఎనిమిదయ్యేసరికి నత్తనడక పట్టేది. అడిగి చూస్తే, రెండడుగుల దూరంలోని రౌటరే జవాబివ్వడానికి తడబడుతోంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అక్కర లేకుండా తెరిచారు. అందరిదీ గనక అది రచ్చబండలాంటిది. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అక్కడే చేరతాయి. అందులో 13 చానళ్ళున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే: 1, 6, 11. మా సందులో తొమ్మిది రౌటర్లు 6 మీదే కూర్చున్నాయి. మాదాన్ని 11కు మార్చి, అదే గదిలో వాడే ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు పంపాక రాత్రులు కుదుటపడ్డాయి.

ధర్మవరం వెళ్ళే రైలు దారిలోనే పెనుకొండ. అక్కడ మా మేనమామ ఇల్లు కొండను ఆనుకుని ఉంటుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరది. రాజులకు కాపు కాసిన కొండే మామకు అడ్డమైంది. ఆయన వాడేది సిమ్‌కార్డు వేసే పెట్టె. "గీతలన్నీ నిండుగానే ఉండాయి కదరా అబ్బీ, మరి నెట్టు ఏమైనట్టు?" అని ఆయన ప్రశ్న. పెట్టె తక్షణం పలికింది, బయటి సర్వరు మాత్రం పలకలేదు. తెగింది రెండో ముక్క. టవరుకూ ఇంటికీ నడుమ కొండ భుజం ఉంది. పెట్టెను మిద్దె మీది గది కిటికీలోకి మారిస్తే సరిపోయింది.

అసలు చిక్కు ధర్మవరంలో మా అక్కావాళ్ళది. షావుకారు దగ్గర పట్టూ జరీ తెచ్చుకుని కూలికి నేసే ఇల్లు అది. దానితోపాటు అక్క నెలకు రెండు మూడు చీరలు సొంతంగా నేసి, బెంగుళూరు, హైదరాబాదు వాళ్ళకు వీడియో కాల్‌లో చూపించి అమ్ముతుంది. మేనకోడలి కాలేజీ ఫీజు ఆ చీరల మీదిదే. కొంగు విప్పి చూపే వేళకు బొమ్మ బిగుసుకుపోయేది. కొనేవాళ్ళు రంగులో లోపముండి దాస్తున్నారనుకునేవారు. పోయేది బేరమే కాదు, నమ్మకం కూడా.

రౌటరు ముందుగదిలో ఇనుప బీరువా వెనక ఉంది. గుంత మగ్గం వెనకగదిలో. నడుమ రెండడుగుల మందాన రాతిగోడ, దాన్నానుకుని నీళ్ళ డ్రమ్ములు. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఇనుము దాన్ని తిప్పికొడుతుంది, రాయీ నీరూ మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ అల ఇంకా త్వరగా నీరసిస్తుంది. మండువేసవిని ఆపడానికి తాతలు కట్టిన గోడ దీన్నీ ఆపింది, గోడ తప్పేముంది! రౌటరును తలుపుకెదురుగా మార్చితే కొంత నయమైంది గాని చాలలేదు. రిపీటరు కొనమన్నారు ఎవరో. నీరసించిన అలనే అందుకుని తిరిగి పలికే పరికరం అది, వేగం సగానికి పడిపోతుంది. అందుకని ముందుగది నుంచి మగ్గం గదికి లాన్ తీగ లాగి, చివర మరో చిన్న రౌటరు పెట్టాం.

అక్క ఆ తీగను చూసి నవ్వింది. "చూస్తివా, కడాకు పోగే గతి. మగ్గంలో తెగితే వేలికి తెలుస్తాది. నీ గాలిలో తెగితే ఎవురికి తెలుస్తాది?"

తెలుసుకోవడం ఎలాగో ఇప్పుడు ఆమెకూ వచ్చు. కరెంటు పోతే రౌటరు ఆగకుండా 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టుకుంది. వీధిలో ఎవరో తవ్వి ఫైబరు తెగితే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది, అప్పుడు ఇంట్లో ఎవరూ చేయగలిగిందేమీ లేదు. చీర విప్పేముందు అక్క ఆ దీపం వంక చూస్తుంది. ఎర్రగా ఉంటే, కాల్ మధ్యలో తెగేదాకా ఆగకుండా, "ఈరోజు లైను లేదమ్మా, రేపు చూపిస్తా" అని కొనేవాళ్ళకు ముందే చెప్పేస్తుంది.