మీ నాయన హాజరు పుస్తకాలు

ఒరే ఓబులేసూ,

చీనీకాయల ధర ఈ తడవ కాస్త లేచింది. మీ తోట కాపు కూడా పరవాలేదు. మీ చెల్లెలి కూతురు ఇంటరు పాసయింది. మీ అమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిమాదిరే. ఇన్ని మంచి కబుర్లు ముందే వరసపెట్టినాడంటే వీడికేదో పని పడిందని కువైట్‌లో కూచుని నవ్వుకుంటుంటావు. నవ్వుకో. పని పడిన మాట నిజమే. మీ ఇంటి అటక మీది ట్రంకుపెట్టె తాళంచెవి నాకు కావాలి.

బ్రాహ్మణపల్లె వైపు రాతినార (ఆస్బెస్టాస్) గనుల్లో మేస్త్రీగా ఉన్నప్పుడు మీ నాయన రాసిన హాజరు పుస్తకాలు దాంట్లోనే ఉండాలి. పొడుగాటి బైండు పుస్తకాలు, గుర్తున్నాయా? ఎడమ పక్కన పేరు, ఎదురుగా ఏడు గళ్లు. పనికొచ్చిన రోజుకు గీత, రాని రోజుకు సున్న, కొసన వేలిముద్ర. కూలి పంచే సాయంత్రం ఆడవాళ్లు వేలికంటిన నీలి సిరాను మీ అరుగు గోడకే తుడిచేవాళ్లు. మీ జేజి అరుస్తానే ఉండేది.

ఇప్పుడు అవెందుకంటావా? మన వీధి చివరింటి పెద్దమ్మకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. మొదట టీబీ అనుకున్నారు, నెలల తరబడి మాత్రలు మింగింది, తగ్గలేదు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే నీరు తీసి, ముక్క పరీక్షకు పంపినారు. మెసోథెలియోమా అని తేలింది. ఊపిరితిత్తి పైపొరకు వచ్చే క్యాన్సరు అది. దానికి అన్నిటికన్నా పెద్ద కారణం రాతినార దుమ్మే.

పెద్దమ్మ చేసిన పని నీకు తెలియంది కాదు. గనిలోంచి వచ్చిన రాళ్లను సుత్తితో చితగ్గొట్టి నార వేరు చేసేది. మన వేంపల్లె సున్నపురాయిలోకి డోలరైటు రాయి చొచ్చుకొచ్చిన చోట పుట్టిన నార. ఆ రాయిని గోటితో గీకితే పట్టుదారం మాదిరి పోగులు లేచొచ్చేవి. మనకది ఆట, ఆమెకది పొద్దస్తమానం పీల్చే గాలి. లోపలికి పోయిన పోగు కరగదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కూడా జబ్బై బయటపడుతుంది.

ఇంట్లో బీడీల పొగ వల్ల వచ్చిందేమో అంటావు. ఊరంతా అదే అంటోంది. మెసోథెలియోమాకు పొగాకుతో సంబంధం లేదురా. మామూలు ఊపిరితిత్తి క్యాన్సరుకైతే బీడీ, రాతినార రెండూ తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లవుతుంది. అప్పుడైనా తప్పంతా బీడీ మీదికే తోసేస్తే ఎట్లా?

ఇంగ చట్టం సంగతి. 1923 నాటి పరిహార చట్టం, ఇప్పుడది 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. దాని మూడో షెడ్యూలులో ఈ జబ్బు వృత్తి వ్యాధిగా ఉంది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కార్మికుడి ఆరోగ్యం బతికే హక్కులో భాగమంది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన బాధితులకు తలా లక్ష రూపాయలు ఇమ్మంది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్ర హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ కె. రామస్వామి. ఆనాటి లక్ష ఈనాటి మందులకు యాడ సరిపోతుంది? అయినా హక్కు హక్కే గదా.

ఇంత చట్టముండగా మా నాయన పుస్తకాలతో పనేమి అని అడుగుతావు. ఇందాక చెప్పినట్టు, జబ్బు బయటపడేసరికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది. 1923 చట్టమేమో పని మానిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడాలంది. సరైన కారణం చూపితే అర్జీ ఆలస్యాన్ని మన్నించే వీలుంది కానీ, ఆమె అక్కడ పనిచేసిందనే రుజువు లేనిదే ఆ మాటదాకా కూడా పోలేము. పనిలో చేరిన నాటినుంచి 40 ఏళ్లు, లేదా మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు ఆరోగ్య రికార్డు దాచాలని కోర్టు చెప్పింది. 1985లో చేరి పదేళ్లకు మానిన మనిషికి 2025తో ఆ గడువు కూడా అయిపోయింది. కంట్రాక్టరు కింద వారం కూలికి పోయిన పెద్దమ్మకు పీఎఫ్ చీటీ లేదు, గుర్తింపు కార్డు లేదు. ఉన్నదల్లా మీ నాయన పుస్తకంలో ఆమె వేలిముద్ర.

గడువు దెబ్బ మనకొక్కరికే అనుకోవద్దు. ఇటలీలో ఎటర్నిట్ అనే రాతినార రేకుల కంపెనీ పెద్దకు కింది కోర్టుల్లో శిక్ష పడింది. 2014లో పై కోర్టు, కాలం చెల్లిందని దాన్ని కొట్టేసింది. అదే బ్రిటన్‌లో చూడు. తన జబ్బుకు మూలం కార్మికుడికి తెలిసిన నాటినుంచి మూడేళ్లు లెక్కేస్తారు. న్యాయమంటే అది. మన దగ్గర కూడా ఆ లెక్కే రావాలి, దానికోసం గట్టిగా అడగాల్సిందే.

నీ మనసులో అసలు బెరుకేమిటో నాకు తెలుసు. మీ నాయన పేరు కోర్టుకెక్కుతుందని, ఆయనే పనిచేయించినాడంటారని. ఆయన యజమాని కాదురా. వాళ్లతో పాటు అదే దుమ్ములో నిలబడినాడు, ఆ దగ్గుతోనే పోయినాడు. కూలోళ్ల ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకుండా రాసినాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత వాళ్లకు అక్కరకొస్తే ఆయనకు అంతకన్నా గౌరవమేముంది?

కేంద్రం 1986లో రాతినారకు కొత్త లీజులు, 1993లో పాత లీజుల పొడిగింపు ఆపింది. అయినా రష్యా నుంచి తెచ్చుకున్న నారతో మన దేశంలో రేకులు తయారవుతానే ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీల్లోని పిల్లలకు ఇరవై ఏళ్ల తర్వాత మీ నాయన లాంటి మేస్త్రీ పుస్తకం దొరుకుతుందా? వాళ్ల రికార్డు ఇప్పుడే రాయించాలి. మనవాళ్లలో బతికున్నవాళ్లు యాడున్నారో ఇప్పుడే వెతకాలి.

శుక్రవారం నీకు సెలవే గదా, అమ్మకు ఫోన్ చేసి తాళంచెవి ఇమ్మను. పుస్తకాలకు నకళ్లు తీయించి, అసలువి చెక్కు చెదరకుండా పెట్టెలోనే పెడతా. తర్వాత నేను, మీ చెల్లెలు కలిసి ఆ పేర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాము. ఎవరెవరికి దగ్గుందో, ఆయాసముందో రాసి నీకు పంపుతా.

నీ
రామన్న