మళ్లీ ఆ జనంలోకి...

ఏసీ బోగీకి అలవాటు పడ్డవాళ్లు మళ్లీ స్లీపర్‌ ఎక్కగలరా? ఎక్కినా ఆ కిటికీ గాలి పాతరోజుల్లోలాగే హాయిగా అనిపిస్తుందా? అమెరికాలో స్థిరపడిన ఓ తెలుగు కుటుంబానికి ఈ ప్రశ్న సముద్రం మీద ఎదురైంది.

ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం. తండ్రి తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 2018 వేసవిలో అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు వాళ్లకి ఏం చూపించాలా అని కొడుకూ కోడలూ చాలానే ఆలోచించారు. నయాగరా అంటే విమానం టికెట్లు, హోటల్‌ గదులు, అద్దె కారు... లెక్క ఎక్కడికో పోయింది. అప్పుడే ఆఫీసులో ఎవరో చెప్పారు, క్రూయిజ్‌ అయితే చవకని. డాలస్‌ నుంచి అయిదు గంటలు కారు నడిపితే గాల్వెస్టన్‌ రేవు. అక్కణ్నుంచి మెక్సికోలోని కోజుమెల్‌ దీవికి వెళ్లి వచ్చే నాలుగు రాత్రుల ప్రయాణం. తిండి, గది అన్నీ టికెట్లోనే.

ఉన్నవాటిలో అతి చవకైన గదులు రెండు తీసుకున్నారు. ఓడ నడిబొడ్డున ఉంటాయవి. కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. ఇంటి వంట లోపలికి తీసుకురాకూడదని నిబంధన. దాంతో తల్లి అపురూపంగా కట్టుకొచ్చిన ఆవకాయ సీసా కారు డిక్కీలోనే ఉండిపోయింది.

‘ఇది మన ప్రేయరేగా!’
పెద్దాయన దేన్నయినా డాలర్లలోంచి రూపాయల్లోకి మార్చిగానీ చూసేవారు కాదు. కాఫీకి వేరే డబ్బులివ్వాలేమోనని మొదటి రోజు అడగడానికే మొహమాటపడ్డారట. మామూలు కాఫీ, టీ ఎన్నిసార్లయినా ఉచితమేనని తెలిశాక మనిషే మారిపోయారు. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చెప్పడానికి ప్రయాణికులందరినీ డెక్కు మీద వరుసల్లో నిలబెడితే, ‘ఇది మన బడిలో ప్రేయరేగా’ అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. షుగరున్న మనిషి, అర్ధరాత్రి మనవడితో కలిసి ఐస్‌క్రీమ్‌ మెషీను దగ్గర దొరికిపోయారు.

ఉద్యోగం రోజుల అలవాటు కొద్దీ తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేది. గదిలో కిటికీ లేదు కదా... చేసేదేమీ లేక డెక్కు మీదికి వెళ్లేవారు. అక్కడ ఆయనలాంటి మరో పెద్దాయన తగిలాడు. శాన్‌ ఆంటోనియోలో ఉంటున్న మెక్సికన్‌. ఈయనకి స్పానిష్‌ రాదు, ఆయనకి తెలుగు రాదు. ఇద్దరికీ ఇంగ్లిషు అంతంతమాత్రం. ఆ పెద్దాయన డామినోలు నేర్పించాడు. పేకాటలో చెయ్యి తిరిగిన ఈయన రెండో రోజుకల్లా ఆయన్ని ఓడించేశారు. ఊరెళ్లాక ఆ కబురు చెప్పని ఇల్లు లేదు. ‘సముద్రం మధ్యలో గెలిచానయ్యా’ అనేవారు.

2021లో కొవిడ్‌ రెండో దశలో ఆయన వెళ్లిపోయారు. కొడుకు సమయానికి రాలేకపోయాడు.

అంతా బాగుంది... కానీ!
2023 డిసెంబరులో తల్లి ఒక్కతే అమెరికా వచ్చింది. కొడుకు మనసులో ఓ ముల్లు ఉంది. ‘నాన్న జీవితంలో ఒక్కసారి ఓడెక్కితే కిటికీ కూడా లేని గదిలో పడుకోబెట్టాను’ అని. కనీసం అమ్మకయినా మంచిది చూపించాలనుకున్నాడు. ఈసారి ఫ్లోరిడాలోని ఫోర్ట్‌ లాడర్‌డేల్‌ నుంచి ఏడు రాత్రుల ప్రయాణం. ఖరీదైన కంపెనీ. తల్లికి బాల్కనీ గది.

నిజంగానే అంతా మంచిది. లిఫ్టు దగ్గర నిరీక్షణ లేదు. ఈతకొలను పక్కన కుర్చీ కోసం పోటీ లేదు. రోజుకి రెండుసార్లు గది సర్దేవారు. ముందు రోజు చెబితే పప్పూ అన్నం నుంచి పాలకూర కూర దాకా ప్రత్యేకంగా వండి తెచ్చేవారు. భోజనాల హాల్లో చెంచా చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. తల్లి ఉదయం లేచి బాల్కనీలో కూర్చునేది. మధ్యాహ్నం బాల్కనీలో కూర్చునేది. సాయంత్రం కోడలు పిలిస్తే వచ్చి భోంచేసి మళ్లీ బాల్కనీకి వెళ్లేది. ఎలా ఉందమ్మా అంటే ‘బాగుందిరా, చాలా బాగుంది’ అనేది. ఏడు రోజులూ అదే మాట.

2025లో మళ్లీ వచ్చినప్పుడు మనవడికి మార్చిలో స్ప్రింగ్‌ బ్రేక్‌ సెలవులు. ఈసారి ఎక్కడికెళ్దాం అన్న మాట వచ్చింది. ‘మీ నాన్నతో వెళ్లామే, ఆ ఓడకి వెళ్దాంరా’ అందావిడ. కొడుకు ఉలిక్కిపడ్డాడు. ఖర్చు సంగతి అటుంచి, ఆ ఓడని మళ్లీ చూడాలంటే ఆయనకి భయం. మంచిది చూసిన కళ్లతో చూస్తే, తండ్రికి తాను ఇచ్చింది ఎంత తక్కువో తెలిసిపోదూ! ‘అప్పటి ఓడ ఇప్పుడక్కడ లేదమ్మా, అదే కంపెనీది వేరే ఓడ’ అని తప్పించుకోబోయాడు. ‘ఓడదేముందిరా... ఆ జనం ఉంటారుగా’ అందావిడ.

తేడా ఎక్కడుంది?
ఖరీదైన ఓడకీ చవక ఓడకీ మధ్య సముద్రం ఏమీ మారదు. చాలాసార్లు యజమాని కూడా మారడు. చవక ప్రయాణాలకు పేరుపడ్డ కార్నివాల్‌ను టెడ్‌ ఎరిసన్‌ 1972లో మయామీలో మొదలుపెట్టారు. మొదటి ఓడ మార్డిగ్రా కొత్తదేం కాదు. 1961 నుంచి అట్లాంటిక్‌ మీద తిరిగిన ‘ఎంప్రెస్‌ ఆఫ్‌ కెనడా’కి పేరు మార్చారు. తొలి ప్రయాణంలోనే అది మయామీ రేవు బయట ఇసుకమేటలో కూరుకుపోయింది. అలా మొదలైన కంపెనీయే 1989లో హాలండ్‌ అమెరికాను, 1998లో రాచఠీవి ఒలకబోసే క్యునార్డ్‌ను కొనేసింది. 2003లో ప్రిన్సెస్‌ కూడా దాని గూటికే చేరింది. అంటే తక్కువ టికెట్‌ కొన్నవాళ్ల డబ్బూ, ఎక్కువ టికెట్‌ కొన్నవాళ్ల డబ్బూ చివరికి ఒకే ఇనప్పెట్టెలో పడుతుందన్నమాట!

మరి తేడా ఎక్కడంటే... ముందుగా చోటులో. 2012లో వచ్చిన కార్నివాల్‌ బ్రీజ్‌, 2018లో వచ్చిన సెలబ్రిటీ ఎడ్జ్‌ పరిమాణంలో ఇంచుమించు సమానం. రెండూ సుమారు 1,30,000 టన్నులు. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి చోటుకి కొలత. గదికి ఇద్దరి లెక్కన మొదటిదాంట్లో దాదాపు 3,700 మంది పడితే, రెండోదాంట్లో దాదాపు 2,900 మంది. అదే ఇంట్లో 8 మంది అదనంగా ఉంటే లిఫ్టు దగ్గర, టిఫిన్ల దగ్గర ఎలా ఉంటుందో పెళ్లిళ్లు చేసిన వాళ్లకి వేరే చెప్పాలా? అక్కడయితే ఆ అదనం 800.

రెండోది పై ఖర్చులు. చవక ఓడలో టికెట్‌ ధర ఆరంభం మాత్రమే. కూల్‌డ్రింకులు, ఇంటర్నెట్‌, ఫొటోలు, ప్రత్యేక రెస్టారెంట్లు... అన్నిటికీ అదనం. సిబ్బందికిచ్చే టిప్పు మనిషికి రోజుకి 15 డాలర్ల పైమాటే. మనం వద్దనకపోతే ఖాతాలో దానంతటదే పడిపోతుంది. రేవు దాటగానే క్యాసినో తెరుచుకుంటుంది. వీటిని పట్టించుకోకుండా, ఉచితంగా పెట్టింది తిని హాయిగా తిరిగొచ్చేవాళ్లకి మాత్రం చవక ఓడ నిజంగానే చవక. తపాలా శాఖ పెద్దాయన సరిగ్గా ఆ బాపతు!

ఇక మారని సంగతులూ ఉన్నాయి. ఈ ఓడలు ఎక్కువగా పనామా, బహమాస్‌, మాల్టా జెండాలతో తిరుగుతాయి. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో బయల్దేరి తిరిగి అక్కడికే రావాలంటే మధ్యలో ఓ పరదేశపు రేవునైనా తాకి రావాలి. 1886 నాటి చట్టం పెట్టిన నిబంధన అది. గాల్వెస్టన్‌ ఓడలన్నీ కోజుమెల్‌ దారి పట్టడం వెనక ఆ కారణం కూడా ఉంది. రెండు రకాల ఓడల్లోనూ వండేవాళ్లూ వడ్డించేవాళ్లూ ఎక్కువగా ఫిలిప్పీన్స్‌, ఇండోనేసియా, మన దేశాల వాళ్లే. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారమే వారానికి 72 గంటల వరకూ పని చేయించుకోవచ్చు. బాల్కనీ గది ముందయినా, కిటికీ లేని గది ముందయినా వాళ్ల నవ్వు ఒక్కలాగే ఉంటుంది.

బాల్కనీ లేని వరం
మార్చిలో నలుగురూ గాల్వెస్టన్‌లో ఓడెక్కారు. కొడుకు భయపడ్డదంతా మొదటి గంటలోనే కనిపించింది. స్కూళ్లకి సెలవులు కావడంతో ఓడ నిండా పిల్లలే. లిఫ్టు మూడుసార్లు నిండుగా వచ్చి వెళ్లిపోయింది. కొలను దగ్గర పాటల హోరు. కొన్ని కోతలు కూడా పడ్డాయి. 2018లో రోజూ మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగో కుక్కపిల్లో ఉండేది. ఇప్పుడు అడిగితేనే చేస్తారట. గది సర్దడం రోజుకి ఒక్కసారే. ప్రేయరు లాంటి ఆ కవాతు కూడా లేదు. కొవిడ్‌ తర్వాత పద్ధతి మారింది. వీడియో చూసి, తమకు కేటాయించిన చోట కనబడి వస్తే సరిపోతుంది. ‘ఆయన ఉంటే బాధపడేవారు’ అని నవ్విందావిడ. కొడుకుకి నవ్వు రాలేదు.

మర్నాడు ఉదయం అయిదింటికి మెలకువ వచ్చి చూస్తే తల్లి మంచం ఖాళీగా ఉంది. కంగారుపడి పైకి పరిగెత్తాడు. డెక్కు మీద కాఫీ యంత్రం పక్కన నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉందావిడ. చీర మీద కొడుకు స్వెట్టరు. లూసియానా నుంచి వచ్చిన ఓ ముసలామె ఊలుతో ఏదో అల్లుతుంటే, కుట్టు తప్పిందని వేలితో చూపిస్తోంది. ప్లేట్లు తీసే గోవా కుర్రాడు వచ్చీరాని హిందీలో మాట్లాడుతున్న ఈవిడకి దుబాసీ అయ్యాడు. నాలుగు రోజుల్లో ఆ కుర్రాడి చెల్లెలి పెళ్లి ఎప్పుడో, కట్నం గొడవ ఏమిటో కూడా ఆవిడకి తెలిసిపోయింది.

అప్పుడు అర్థమైంది కొడుక్కి. బాల్కనీ ఉంటే ఎవరి సముద్రం వాళ్లది. కిటికీ లేని గదిలో ఉన్నవాళ్లకి సముద్రం చూడాలంటే నలుగురిలోకి రాక తప్పదు. ఆ కిటికీయే ఉండుంటే తండ్రి తెల్లారి నాలుగున్నరకి గదిలోనే కూర్చుని ఉండేవారేమో. డామినోలూ ఉండేవి కావు, గెలుపూ ఉండేది కాదు, ఊరంతా చెప్పుకోవడానికి కబురూ ఉండేది కాదు. తక్కువ ఇచ్చానని నాలుగేళ్లుగా తనని తాను తిట్టుకుంటున్న మనిషికి ఆ ఉదయం కాస్త ఊపిరాడింది.

అలాగని ఖరీదైన ఓడ వృథా అనలేం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, పసిపిల్లల తల్లులకి, ఏడాదంతా జనంలో నలిగి నిశ్శబ్దం కోరుకునేవాళ్లకి ఆ చోటు విలువ తెలుస్తుంది. కోడలు ఇప్పటికీ ఆ రెండో ఓడనే తలుచుకుంటుంది. అది ఆవిడకి ఏడు రోజుల విశ్రాంతి. అత్తగారికి విశ్రాంతి అక్కర్లేదు. తెనాలి దగ్గర ఇంట్లో అది కావలసినంత ఉంది. ఒంటరి మనిషికి కావలసింది సందడి.

పైగా ఓడల హోదాలు కూడా శాశ్వతం కావు. 1990లో రాయల్‌ కరేబియన్‌ కొత్తగా దించిన నార్డిక్‌ ఎంప్రెస్‌ అప్పట్లో పెద్ద ఆకర్షణ. ముప్ఫై ఏళ్లు దాటాక, 2021లో అదే ఓడ కార్డీలియా సంస్థ తరఫున మన దేశంలో తిరగడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చినప్పుడు జనం రేవుకి వెళ్లి మరీ చూశారు. ఒక దేశంలో వయసుడిగిన ఓడ మరో దేశంలో కొత్త పెళ్లికూతురు!

తిరుగు ప్రయాణంలో, కారు హ్యూస్టన్‌ దాటుతుండగా తల్లి వెనకసీట్లోంచి అడిగింది. ‘పోయినసారి ఆ పెద్ద ఓడకి ఎంతయిందిరా?’ అని. కొడుకు దాటేయబోయాడు. వదల్లేదు. అంకె విని, ఈ ఓడ టికెట్ల ఖరీదు కూడా అడిగి, భర్తలాగే వేళ్ల మీద రూపాయల్లోకి మార్చుకుంది. కాసేపు మాట్లాడలేదు.

‘అయితే ఈసారి మీ చిన్నత్తనీ మావయ్యనీ కూడా రమ్మందాం. ఆ డబ్బుకి వాళ్లూ వచ్చేస్తారు’ అంది.