నరమా, పైపొరా?

అలిపిరి రోడ్డులో కొండెక్కేవాళ్లూ ఆసుపత్రికి వచ్చినవాళ్లూ కలిసే నడుస్తుంటారు. 1993లో స్విమ్స్ ఆసుపత్రి మొదలయ్యాక రాయలసీమ రోగులకు ఈ దారి మరీ అలవాటైంది. ఆ చుట్టుపక్కలే ఒక ఎమ్మారై కేంద్రంలో, తెలిసిన రేడియాలజిస్టు రమ్మంటే ఒక పూట కూర్చున్నాను.

గది బయట స్కానింగు కంటే పెద్ద పని ఒంటి మీది లోహం తీయించడం. మొలతాడు, తాయెత్తు, మెట్టెలు. ఒకావిడ తాళి తీయనని భీష్మించింది. వాళ్లత్త కొంగుముడిలోంచి పసుపుకొమ్ము తీసి, దారానికి కట్టి మెడలో వేశాకే పుస్తెలు చేతికొచ్చాయి. మెట్టెలు సబ్బునీళ్లకు గానీ ఊడలేదు.

ఆమెకు నాలుగు రోజులుగా ఎడమకన్ను మసక. కన్ను తిప్పితే నొప్పి. కుంకుమ ఆ కంటికి వెలిసిన ఇటుకలా కనిపిస్తోందట. కంటి చుట్టూ ఉండే కొవ్వు స్కానులో తెల్లగా మెరిసి నరాన్ని మరుగుపరుస్తుంది. ఆ మెరుపును అణిచి, గాడోలినియం మందు ఎక్కించి తీస్తే కుడినరం బూడిదరంగులో, ఎడమనరం ఉబ్బి తెల్లగా కనిపించాయి. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటినరం వాపు.

"మళ్లా చూపొస్తాదా సార్?" అత్త అడిగింది.

"చానామందికి వస్తాదిమా," అన్నాడు డాక్టరు. ఆమె అటు వెళ్లాక నాతో చెప్పాడు: వాపు తెలుస్తోంది గానీ, నరంలో తంతువులే తెగాయా, వాటి మీది మైలిన్ పొర మాత్రమే ఊడిందా అన్నది ఈ బొమ్మలో తేలదు. పొర తిరిగి రావచ్చు. తెగిన తంతువు రాదు.

ఆ తేడా పట్టే దారి చిట్టెలుకల్లో దొరికింది. వాటి కంటినరం మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షెంగ్-క్వై సాంగ్ బృందం నరంలో నీటి కదలికను కొలిచింది. పుట్టుకతోనే మైలిన్ సరిగా ఏర్పడని ఎలుకల్లో నీరు అడ్డంగా ఎక్కువ కదులుతోందని 2002లో చూపారు. పొడుగునా కదలిక మారలేదు. 2003లో రెటీనాకు కాసేపు రక్తం ఆపి చూస్తే, మూడోరోజుకు పొడుగు కదలిక తగ్గింది, అయిదోరోజుకు అడ్డ కదలిక పెరిగింది. అంటే తంతువు ముందు చెడింది, పొర తర్వాత.

వాపులో లెక్క ఇంత తేటగా ఉండదు. చేరిన నీరు, కణాలు కొలతను కలగాపులగం చేస్తాయి. వాటిని విడదీసే పద్ధతులు తర్వాత వచ్చాయి. మత్తులో ఉన్న ఎలుక కంటికి వెలుగు చూపి, నరం స్పందిస్తోందా అనీ చూశారు. ఆ ఎలుకలకు రోగం మనం తెప్పించేదే, పాపం వాటి తప్పేం లేదు. అయినా స్కాను చెప్పింది నిజమో కాదో నరం కోసి మైక్రోస్కోపు కింద సరిచూడాలంటే మనిషితో కుదిరే పని కాదు.

ఈలోగా అత్త మళ్లీ వచ్చింది. మాత్రలిస్తే ఊరికి పోయి వేసుకుంటామంటుంది. "అట్లా కుదరదుమా. మూడురోజులు ఉండి స్టెరాయిడ్ మందు రక్తనాళంలోకి ఎక్కించుకోవాల," అన్నాడు డాక్టరు. 450 మందికి పైగా రోగులతో అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయట: మామూలు మోతాదులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే మింగినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది.