ఎంసీబీ కాపాడేది వైరుని... మరి మనిషిని?

మన ఇంటికి కార్పెంటర్ వస్తే మొదట అడిగేది మంచినీళ్లు కాదు, ప్లగ్ పాయింట్. మనం చెయ్యి చూపించి మళ్లీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చేస్తాం. ఆ తర్వాత ఆ సాకెట్లో ఏం పెట్టారో చూసేవాళ్లు చాలా తక్కువ.

హైదరాబాద్‌లో మా అక్కావాళ్ల కొత్త ఫ్లాట్‌లో కప్‌బోర్డుల పని జరిగినన్నాళ్లూ నేనే కాపలా. ఒక గదిలో నా స్టాండప్ కాల్, పక్క గదిలో కటింగ్ మిషన్ గోల. ఓసారి కాల్ అయ్యాక వెళ్లి చూశాను. మిషన్ వైరుకి అసలు ప్లగ్గే లేదు. రెండు వైర్ల చివర్లు ఒలిచి సాకెట్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. మూడోది, అంటే ఎర్త్ వైరు, టేపు చుట్టి వెనక్కి మడిచేసి ఉంది. మిషన్ పట్టుకున్నది మేస్త్రీ కూడా కాదు, ఆయన మేనల్లుడు. ఇంటర్ మధ్యలో ఆపేసి పని నేర్చుకుంటున్నాడు. కాళ్లకి చెప్పుల్లేవు. అప్పుడే కడిగిన నేల ఇంకా తడిగానే ఉంది.

‘అన్నా, షాక్ కొడితే?’ అన్నాను.

మేస్త్రీ నవ్వాడు. ‘ఏం గాదు తమ్మీ. తేడా వస్తే ట్రిప్ అయితది. కొత్త బిల్డింగు గదా, అన్నీ ఎంసీబీలే.’

నేను ట్రిపుల్ ఈ చదివి జావాలోకి వచ్చినవాణ్ని. అయినా ఈ చిన్న లెక్క మాత్రం గుర్తుంది. మన ఇళ్లకొచ్చే సప్లై 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం 1000 ఓమ్‌లు అనుకుందాం. భాగిస్తే 0.23 ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. కానీ పెద్ద సాకెట్లకి పెట్టే ఎంసీబీ మామూలుగా 16 ఆంపియర్లది. దాని దృష్టిలో షాక్ కొడుతున్న మనిషికీ పాత 60 వాట్ల బల్బుకీ తేడా లేదు. ఎవరో లైటు వేసుకున్నారనుకుని ఊరుకుంటుంది.

ఎంసీబీ ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సరిపోయాయా లేదా అని అది లెక్క చూస్తూనే ఉంటుంది. సరిపోలేదంటే మధ్యలో ఎక్కడో నేలలోకి పోతోందని అర్థం. అది ఒక మనిషి ఒంట్లోంచి కూడా కావచ్చు. ఇళ్లలో వాడే రకమైతే ఆ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరగానే సెకనులో మూడో వంతు లోపే కరెంటు ఆపేస్తుంది.

బోర్డు తలుపు తీసి చూస్తే ఆర్‌సీసీబీ ఉంది. దాని మీద ‘టి’ అనే టెస్ట్ బటన్ నొక్కాను. పక్క గదిలో మిషన్ ఆగలేదు! ‘మాటిమాటికీ పడిపోతుందని డైరెక్ట్ చేసిన్రు’ అన్నాడు ఆ అబ్బాయి. మా భాషలో చెప్పాలంటే, ఫెయిలవుతున్న టెస్టుని కామెంట్ చేసి కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి పంపేశారన్నమాట.

వెంటనే పని ఆపించి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. కనెక్షన్ సరిచేసి, మిషన్‌కి ఎర్త్ కలిపి త్రీ పిన్ ప్లగ్ వేశాడు. మిషన్ ఆన్ చేయగానే టప్‌మని కరెంటు పోయింది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిని, మెటల్ బాడీకి కరెంటు వస్తోంది. మేస్త్రీ ఏమీ అనలేదు. మేనల్లుడి కాళ్ల వైపు ఓసారి చూసి, మిషన్ తీసుకుని వైండింగ్ షాపుకి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ అబ్బాయి బూట్లు వేసుకుని వచ్చాడు.

మనలోనూ చాలామంది ఆన్‌లైన్‌లో డ్రిల్లింగ్ మిషన్ కొని, గోడకి టీవీ తగిలించుకునేవాళ్లమే. అందుకే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. మిషన్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్‌ది, రెండు పిన్నులు చాలు. ఆ గుర్తు లేకుండా మూడు పిన్నులతో వస్తే ఎర్త్ పిన్ను తీసేయొద్దు. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్ చేయొద్దు, లోపల వైర్లు మామూలుగా ఆ దారినే వెళ్తాయి. బిట్టు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ తీసేయాలి. కరెంటు పోయినప్పుడూ అంతే. లాక్ బటన్ నొక్కి ఉంటే, కరెంటు రాగానే మిషన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే డిస్కు అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు! అడ్డంగా ఉందని దాని గార్డు ఊడదీయకండి. కళ్లద్దాలు లేకుండా అసలు ముట్టుకోకండి.

పనికొచ్చినవాళ్ల మిషన్ వాళ్లదే, కానీ సాకెట్ మనది. ప్లగ్ ఖరీదు వంద రూపాయల లోపే. అది కొనిచ్చి, వేయించాకే పని మొదలుపెట్టమని చెప్పడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో బోర్డు తలుపు తీయండి. చేస్తున్న పని సేవ్ చేసుకుని ఆ ‘టి’ బటన్ నొక్కండి. కరెంటు పోవాలి. పోకపోయినా, అసలు ఆ బటనే కనిపించకపోయినా, కార్పెంటర్ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.