తళవాయిపురం నుంచి వెల్లింగ్టన్ వీధి దాకా

తళవాయిపురం అనగానే మనవాళ్ళలో చాలామందికి నైటీలు గుర్తుకు వస్తాయి. రాజపాళయం తాలూకాలో, పడమటి కనుమలకు దగ్గరగా ఉన్న ఈ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా కుట్టు మిషన్ల చప్పుడే. తళవాయి అంటే మన దళవాయే; నాయకరాజుల కాలంలో సేనాపతికి ఉన్న పేరు. సేనాపతి పేరు పెట్టుకున్న ఊరు ఈనాడు సూదీ దారంతో బతుకుతోందంటే చమత్కారమే గదా! ఆ ఊరివాణ్ణి, బి.కాం. చదివి ముప్పయ్యేళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి, హాంకాంగులో తిన్న కాల్చిన బాతు గురించి రాయడమేమిటని మీరు అడగవచ్చు. కాస్త ఓపికతో చదవండి, సంబంధం మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు హాంకాంగులో ఉద్యోగం చేస్తున్నారు. కిందటేడు సెలవు పెట్టి నేనూ మా శ్రీమతీ వాళ్ళ దగ్గర పది రోజులున్నాం. అక్కడ నన్ను మొదట ఆకర్షించింది డబ్బు. నోట్లను మూడు వాణిజ్య బ్యాంకులు అచ్చు వేస్తాయి. 1983 నుంచి ఒక అమెరికన్ డాలరుకు దాదాపు 7.80 హాంకాంగ్ డాలర్ల లెక్కన మారకం కట్టిపెట్టి ఉంచారు. రిజర్వు బ్యాంకు సంతకం చూసీ చూసీ అలవాటుపడిన కళ్ళకు అదొక వింత. నేను నోట్లను తిప్పి తిప్పి చూస్తుంటే మా అల్లుడు నవ్వి, "మామయ్యా, ఆ నోట్లు ఖర్చు పెట్టే చోటికి వెళదాం రండి" అని సెంట్రల్ అనే పేట లోని వెల్లింగ్టన్ వీధికి తీసుకువెళ్ళాడు. అక్కడ ఉంది యుంగ్ కీ అనే పెద్ద హోటలు.

కాంటన్ ప్రాంతపు చైనావాళ్ళు కాల్చిన మాంసాలను 'సియూ మే' అంటారు. బాతు, కోడి, పంది మాంసాలకు మసాలా పట్టించి, కొక్కేలకు వేలాడదీసి, నిలువు పొయ్యిలో కాలుస్తారు. వీధి చివరి చిన్న అంగడిలోనూ ఇవి దొరుకుతాయి, తెల్లటి బట్ట పరిచిన బల్లల మీదా దొరుకుతాయి. యుంగ్ కీ రెండో రకం. పేరు మాత్రం మొదటి రకంలో పుట్టి సంపాదించుకున్నది.

బల్ల దగ్గర కూర్చోగానే మా శ్రీమతికి సందేహం వచ్చింది. "ఏమండీ, గూస్ అంటే హంస కాదూ? సరస్వతీదేవి వాహనాన్ని తింటామా?" అంది. హంసకు దూరపు చుట్టమే గాని హంస కాదు, మన బాతు కంటే పెద్దది, మెడ కొంచెం పొడుగు అని మా అమ్మాయి సర్దిచెప్పింది. ముందుగా 'నూరేళ్ళ గుడ్డు' వచ్చింది, పక్కన ఊరబెట్టిన అల్లం ముక్కలతో. సున్నం, బూడిద, ఉప్పులో మాగిన ఆ గుడ్డు లోపల నల్లగా, ఆకుపచ్చగా ఉంటుంది. పేరు నూరేళ్ళది, మాగేది కొన్ని వారాలే. మా బ్యాంకులో కొన్ని డిపాజిట్ పథకాల పేర్లూ ఇలాగే ఉంటాయనుకున్నాను!

తర్వాత వచ్చింది బాతు. దీన్ని తయారు చేసే పద్ధతి అల్లుడు చెబుతుంటే నేను శ్రద్ధగా విన్నాను. శుభ్రం చేసిన బాతుకు చర్మానికీ మాంసానికీ మధ్య గాలి ఊది, చర్మాన్ని విడదీస్తారు. పొట్టలో ఉప్పు, పంచదార, సోయా ముద్ద, అల్లం, ఐదు దినుసుల పొడి పెట్టి, సూదితో కుట్టేస్తారు. కుట్టు అనగానే మా ఇద్దరికీ ఊరు గుర్తొచ్చింది. కుట్టు సరిగ్గా లేకపోతే లోపలి రసం పొయ్యిలో కారిపోతుంది, మాంసానికి రుచి పట్టదు. తర్వాత సలసల కాగే నీళ్ళు పోసి చర్మాన్ని బిగుతు చేస్తారు. వినిగర్ కలిపిన మాల్టోస్ పాకం పూసి, గంటల తరబడి గాలికి ఆరబెట్టి, ఆ తర్వాతే పొయ్యిలో వేలాడదీస్తారు. ఆ ఐదు దినుసుల్లో ముఖ్యమైన అనాసపువ్వు మన బిర్యానీలోనూ వేస్తాం. దాని పుట్టిల్లు దక్షిణ చైనా, వియత్నాం కొండలే.

మన మాంసం వంటలో ప్రాణం పులుసులోనో వేపుడు మసాలాలోనో ఉంటుంది. వాళ్ళకు ప్రాణం చర్మంలో ఉంది. నోట్లో పెట్టుకోగానే చర్మం అప్పడంలా చిట్లింది, కింద కొవ్వు కరిగింది, ఆపైన మెత్తటి మాంసం తగిలింది. తోడుగా తియ్యటి, పుల్లటి ప్లమ్ పండ్ల పచ్చడి. "నాటుకోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే వండేది మా అమ్మ. కొంచెం ఆ వాసన ఉంది" అంది మా శ్రీమతి. అంతటితో సరస్వతీదేవి ప్రసక్తి మళ్ళీ రాలేదు.

రెండో పళ్ళెంలో 'ఛా సియూ' వచ్చింది. తేనె, సోయా పూసి కాల్చిన పంది మాంసం. ఊళ్ళో మురుగు పక్కన తిరిగే పందులను చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మా శ్రీమతి దాన్ని ముట్టలేదు, నేను ఒక ముక్కతో సరిపెట్టుకున్నాను. అప్పుడు మా అమ్మాయి అక్కడి సామెత ఒకటి చెప్పింది. మాట వినని పిల్లలను తల్లులు, "నిన్ను కనేకంటే ఒక ఛా సియూ ముక్కను కన్నా బాగుండేది" అని తిడతారట! కనీసం తినడానికైనా పనికొచ్చేదని భావం. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మీదే మా అల్లుడు ఈ హోటలు కథ ఎత్తుకున్నాడు.

కామ్ షుయి ఫాయ్ అనే ఆయన వీధి పక్క చిన్న అంగడితో మొదలుపెట్టి, 1942లో యుంగ్ కీ హోటలు తెరిచాడు. 1964లో అది వెల్లింగ్టన్ వీధికి మారింది. 1968లో అమెరికా వాళ్ళ 'ఫార్చూన్' పత్రిక ప్రపంచంలోని పదిహేను గొప్ప హోటళ్ళలో దీన్ని చేర్చింది. విమానం ఎక్కేవాళ్ళు బాతును పెట్టెలో కట్టించుకుని చుట్టాలకు తీసుకువెళ్ళేవారు కనుక 'ఎగిరే బాతు' అని పేరు వచ్చింది. మనవాళ్ళు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా కట్టించుకుని రైలెక్కినట్టు!

2004లో ఆయన కాలం చేశాడు. కొన్నేళ్ళకు పెద్ద కొడుకుకీ రెండో కొడుకుకీ పడలేదు. పెద్దవాడి వాటా 45 శాతం, రెండోవాడి చేతిలో 55. తన వాటా కొనమని, లేదా కంపెనీని మూసి సొమ్ము పంచమని పెద్దవాడు 2010లో కోర్టుకెక్కాడు. ఆస్తి ఉన్న పై కంపెనీ బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో రిజిస్టరై ఉంది కాబట్టి మాకు అధికారం లేదని కింది కోర్టు అంది. కేసు నడుస్తుండగానే 2012లో పెద్దవాడు చనిపోయాడు, భార్య కేసు కొనసాగించింది. చివరికి 2015 నవంబరులో హాంకాంగ్ ఆఖరి అప్పీలు కోర్టు, 28 రోజుల్లో ఒప్పందానికి రండి, లేకుంటే కంపెనీని మూసివేయండి అని తీర్పు చెప్పింది. హోటలు తలుపులు మాత్రం మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తోంది. కాని అన్నదమ్ముల మధ్య మూసుకున్న తలుపు తెరుచుకోలేదు.

కామర్స్ చదివినవాణ్ణి కనుక నాకు ఒక విషయం బాగా తట్టింది. వాటాల లెక్కలో సందేహమేమీ లేదు. ఎవరైనా విడిపోవాలనుకుంటే వాటా ఎవరు కొనాలి, ధర ఎవరు కట్టాలి అన్నదగ్గరే పీటముడి పడింది. లోపలికి వచ్చే ద్వారం ఉంది, బయటికి వెళ్ళే ద్వారం లేదు. బ్యాంకులో చిన్న చిన్న భాగస్వామ్య సంస్థల అప్పులు మొండిబకాయిలు కావడం నేను చూసిన చోటల్లా వ్యాపారం దెబ్బతిన్న సందర్భాల కంటే, ఈ ద్వారం లేక దెబ్బతిన్నవే ఎక్కువ.

"మరి మన మిషన్ల సంగతేమిటి మామయ్యా?" అన్నాడు అల్లుడు. నేను తినడం ఆపాను. మా నాన్నగారు నాలుగు మిషన్లతో మొదలుపెట్టిన నైటీల యూనిట్లో ఇప్పుడు ఇరవై ఆరు ఉన్నాయి. ఉద్యోగ నిబంధనల వల్ల నాకు అందులో భాగం లేదు. పెద్ద తమ్ముడు కత్తిరింపు, కుట్టు చూస్తాడు. చిన్న తమ్ముడు ఊళ్ళు తిరిగి సరుకు అమ్ముతాడు. అంతా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. పోయిన దీపావళి నుంచి తమ్ముళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడేది సరుకు లెక్కల వరకే. ఇంటికి పెద్దవాణ్ణి గనుక ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు. ఆ బల్ల దగ్గర ఈ మాట వస్తుందని నేననుకోలేదు.

మర్నాడు వాన్ చాయ్ అనే పేటకు వెళ్ళాం. అక్కడ 2014లో ఆ పెద్ద కొడుకు కుమారుడు 'కామ్స్ రోస్ట్ గూస్' పేరుతో సొంత అంగడి పెట్టాడు. హోటళ్ళకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ సంస్థ అదే ఏడాది చివర దీనికొక నక్షత్రం ఇచ్చింది. అంగడి చిన్నది, బయట వరస పెద్దది. ఎదురుగా అద్దం వెనక బంగారు రంగు బాతులు వేలాడుతున్నాయి. ఎవరో తెలియని వాళ్ళ పక్కన ఇరుక్కుని కూర్చుని, అన్నం మీద బాతు ముక్కలు వేయించుకుని తిన్నాం. తాతగారి పేరు, తాతగారి విద్య, బిల్లు మాత్రం నిన్నటి దానికంటే చాలా తక్కువ. రుచిలో తేడా చెప్పమంటే నేను చెప్పలేను. చేతిలో విద్య ఉన్నవాడు మళ్ళీ నిలబడగలడు. కాని తాత మనవళ్ళు రెండు బోర్డుల కింద ఉండాల్సి వచ్చింది గదా అనిపించింది.

హాంకాంగు వెళ్ళేవారికి రెండు మాటలు. పెద్ద హోటలుకు వెళితే ముందుగా బల్ల చెప్పి ఉంచండి. నలుగురికి సగం బాతు సరిపోతుంది. పంది మాంసం తినని వాళ్ళు ముందే చెప్పండి. చిన్న అంగళ్ళలో ఒకే కత్తి, ఒకే మొద్దు మీద అన్నీ నరుకుతారు.

ఊరికి వచ్చాక ఈ కథంతా నాన్నగారికి చెప్పాను. బాతు కుట్టే పద్ధతి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. వ్యాజ్యం సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ కొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి ఎవరూ మాట్లాడించలేదురా?" అన్నారు. మరో వారానికి ఆడిటరును ఇంటికి పిలిపించారు. భాగస్వామ్య పత్రం చిత్తు ప్రతి తయారైంది. విడిపోయేవాడి వాటాకు ధర కట్టే పద్ధతి, సొమ్ము ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలన్నది రాశారు. కంపెనీ పేరు ఎవరికి అన్న చోట ఇంకా ఖాళీ ఉంది, చిన్న తమ్ముడు సంతకం ఇంకా పెట్టలేదు. కాని ఆదివారాల్లో ఇద్దరూ నాన్నగారి ముందు కూర్చుని ఆ ఖాళీ గురించి మాట్లాడుకుంటున్నారు.