బిడ్డకి ఒక మూల

చాలా రోజులుగా రాద్దామనుకుంటున్నది ఇవాళ రాస్తున్నాం. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో అక్కో వదినో నెలలతో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

మేం ముగ్గురం ఒకే ఇంటి పిల్లలం. ఒకడు పాలిటెక్నిక్‌లో సివిల్, ఒకడు డిగ్రీ, చెల్లి నర్సింగ్. మాది సాలూరు మీద గిరిశిఖర గ్రామం. రోడ్డు ఎక్కాలంటే 7 కిలోమీటర్లు దిగాలి. ఇల్లంతా ఒకటే గది. మట్టి గోడలు, పైన పెంకు, మధ్యలో పొయ్యి, పొయ్యి మీద అటక. అటక మీద విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు, చోళ్ళు, కందులు. ఆ గదిలోనే అవ్వ, అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన. సెలవులొస్తే మేం.

మొన్న దసరా సెలవులకి వెళ్ళేసరికి వదినకి ఎనిమిదో నెల. అయినా ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తడం లేదు. కారణం మాకు తెలుసు. రెండేళ్ళ కిందట వదినకి మొదటి కాన్పులో బాబు పుట్టాడు. బరువు 1 కిలో 900 గ్రాములు. పుట్టింది డిసెంబర్‌లో. మా కొండ మీద ఆ చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అవ్వ తనకి తెలిసినట్టే చేసింది. పొయ్యి పక్కనే మంచం వేసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, తలుపు మూసింది. మేమందరం అలాగే పెరిగాం. బాబు మాత్రం దగ్గు పట్టి పాలు మానేశాడు. గుండె కింద ఎముకలు లోపలికి పోతుంటే ఆయాసమని ఎవరికీ తెలియలేదు. 23వ రోజు రాత్రి టార్చిలైట్లు పట్టుకుని కొండ దిగారు. రోడ్డు చేరేసరికి అయిపోయింది.

అందుకే ఈసారి మేమే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాం. ఫోన్‌లో చంటిపిల్లల గదులు చూశాం. గులాబీ రంగు గోడలు, చెక్క తొట్టి, పైన తిరిగే చందమామ బొమ్మ. మా ఇల్లంత ఉంది ఒక్కో గది. నవ్వుకున్నాం. కానీ అక్కడి వాళ్ళు ముందు వేసుకునే ప్రశ్నలు మనవి కూడా. బిడ్డ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? గాలి ఎటు నుంచి వస్తుంది? వెచ్చదనం ఎలా?

సివిల్ వాడు డ్రాయింగ్ షీటు తీసి ఇల్లు కొలిచి ప్లాన్ గీశాడు. పొయ్యి బయటికి, అటక ఖాళీ, మంచం ఉత్తరం గోడకి. చెల్లి పక్కన రాసింది: పొగ వల్ల పసిపిల్లలకి న్యుమోనియా రావచ్చు, మూసిన గదిలో కుంపటి ప్రాణానికే ప్రమాదం.

అన్నయ్య అది పైకి చదువుతుంటే అవ్వ చోళ్ళు చెరగడం ఆపేసింది.

"అంటే నానే సంపేసినానని రాసేర్రా ఆ కాయితం మీద?"

మాకెవరికీ నోరు పెగల్లేదు. అవ్వ చేట అక్కడే వదిలేసి బయటికెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. రెండేళ్ళుగా ఆ మాట అవ్వ లోపల ఉందని మాకు అప్పుడు గానీ అర్థం కాలేదు. మేం చదువుకున్న సంగతులు అబద్ధం కాదు. చెప్పిన తీరే తప్పు. అవ్వని అడగకుండా అవ్వ ఇంటికి ప్లాన్ గీశాం.

పొద్దున్నే వదినే వెళ్ళి అవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, ఆడు పోయింది నీ వల్ల కాదు. సలికి బయపడి మనందరం అదే సేసేం. ఈసారి నువ్వు పక్కనుండి సెప్పకపోతే నాకు దైర్యం లేదు" అంది. అవ్వ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి వచ్చి షీటు తీసుకురమ్మంది.

చూడగానే తప్పులు పట్టింది. ఉత్తరం గోడ చలికాలం చెమరుస్తుంది, అక్కడ మంచం వేస్తే బొంత తడుస్తుంది. పొగ లేకపోతే అటక మీది విత్తనం పురుగు పట్టిపోతుంది, వచ్చే ఏడు ఏం చల్లుతారు? పొగ పోతే దోమలు రావా? మూడూ నిజమే. మా షీటులో ఒక్కటీ లేదు.

అప్పుడు అందరం కలిసి మళ్ళీ గీశాం. పగటి వంట వరండాలోకి మార్చాం. లోపలి పొయ్యి సాయంత్రం కాసేపే, తలుపు తీసి ఉంచి. ఆ పొగ విత్తనానికి సరిపోతుందని అవ్వే చెప్పింది. పొయ్యికి పైన రెండు పెంకులు ఎత్తి పొగకి దారి చేశాం. పొయ్యికీ మంచానికీ మధ్య 4 అడుగుల మట్టి గోడ పెట్టాం. పొయ్యి వేడికి ఆ గోడ కాగి, నిప్పు ఆరిపోయాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. మంచం తూర్పు గోడ వైపు వేసి, మందు పూసిన దోమతెర కట్టాం. కుంపటి మానేశాం. వెలుతురుకి సాలూరులో ఒక గాజు పెంకు కొన్నాం. డబ్బు ఖర్చయింది దానికే. మట్టి మనదే, చేతులు మనవే.

ఉయ్యాల మాత్రం కట్టలేదు. బిడ్డ కడుపులో ఉండగా ఉయ్యాల కట్టకూడదని అవ్వ అంటే మేం వాదించలేదు. అదేం అడ్డం కాదు కదా.

మరి కుంపటి లేకుండా చిన్న బిడ్డకి వెచ్చదనం ఎలా? చెల్లి కంగారూ పద్ధతి చెప్పింది. బట్టలు లేకుండా బిడ్డని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి, పైనుంచి గుడ్డ కట్టడం. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. అది కూడా కొండల మీది ఊరే. అవ్వ విని, "బిడ్డని ఒంటికి కట్టుకోడం మనకి కొత్తేటి?" అని తన పాత చీర చింపి గుడ్డ తయారు చేసింది.

ఇక దారి. బిడ్డ గది ఎంత బాగున్నా 7 కిలోమీటర్ల అవతల ఉంటే ఏం లాభం? సాలూరులో కొండ ఊళ్ళ గర్భిణుల కోసం వసతి గృహం ఉంది. నెలలు నిండకముందే వెళ్ళి, కాన్పు దాకా అక్కడే తిని ఉండొచ్చు. వదిన 3 వారాల ముందే బయల్దేరింది. పగటిపూట, తన కాళ్ళతో నడిచి దిగింది. డోలీ ఎత్తాల్సిన పని రాలేదు.

నవంబర్ ఆఖర్లో పాప పుట్టింది. 2 కిలోల 200 గ్రాములు. రెండున్నర కిలోలకి తక్కువే, భయపడ్డాం. కానీ మొదటి గంటలోనే ముర్రుపాలు తాగింది. ఇంటికొచ్చాక పగలు వదిన, రాత్రి కాసేపు అన్నయ్య కూడా గుండెకి కట్టుకున్నారు. అన్నయ్యని చూసి ఊరు నవ్వింది. ఇప్పుడు ఇంకో ఇద్దరు మగాళ్ళు అలాగే చేస్తున్నారు. ఆశా అక్క 42 రోజుల్లో 6 సార్లు రావాలి. వచ్చినప్పుడల్లా బరువు చూపించుకున్నాం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే ఆగకుండా ఆసుపత్రికి దిగాలి. ఇది అవ్వకి కూడా నేర్పాం. అవ్వకి అంకెలు రావు, అందుకే అమ్మ లెక్కపెడుతుంది, అవ్వ పాప పొట్ట మీద చెయ్యి వేసి చూస్తుంది.

23వ రోజు రాత్రి ఇంట్లో ఎవరం పడుకోలేదు. ఎవరూ పైకి అనలేదు గానీ అందరం లెక్కపెడుతున్నాం. పాప మాత్రం హాయిగా నిద్రపోయింది. తెల్లారాక అవ్వ ఏమీ మాట్లాడకుండా దూలానికి తన చీరతో ఉయ్యాల కట్టింది.

కందికొత్తల పండగకి వెళ్ళి చూశాం. పాప బొద్దుగా అయింది. డ్రాయింగ్ షీటు గోడకి ఉంది, పొగకి కొంచెం నల్లబడింది. మా గీతల మీద అవ్వ బొగ్గుతో పెట్టిన గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి.

మీ ఇళ్ళల్లో కూడా ఈ పని చెయ్యండి. షీటు గీసే ముందు మాత్రం అవ్వని అడగండి. మీ కొండల మీద బిడ్డని వెచ్చగా ఉంచడానికి ఏం చేస్తారో మాకూ రాయండి, వచ్చే చలికాలానికి పనికొస్తుంది.

జై ఆదివాసీ.